టెన్షన్‌కీ ఒక చిట్టా

(చిత్తూరులో ఒక గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం ఒక డాక్టరు చేసిన ప్రసంగం. మాట్లాడినది మాట్లాడినట్టే ఉంచి, అక్కడక్కడా మాత్రమే సరిదిద్దాం.)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట, అదీ పాలు పితికే వేళ, ఇంతమంది వచ్చారు. చాలా సంతోషంగా ఉంది.

ముందు ఈ పుస్తకం చూడండి. వెనక కూర్చున్నవాళ్ళకి కనబడుతోందా? పొడుగ్గా, సన్నగా, ఎర్రగుడ్డ అట్టతో ఉంది కదా. ఇది మా నాయనది. ఈ ఊళ్ళోనే ఒక బెల్లం మండీలో ఆయన 34 ఏళ్ళు గుమాస్తాగా లెక్కలు రాశాడు. దగ్గరికొచ్చి చూస్తే ఈ కాగితాల మీద గీతలుండవు. కాగితాన్ని నిలువుగా మడతలు పెట్టి, గోటితో గట్టిగా ఒత్తి విప్పేవాడు. మడత పడిన చోట చార వస్తుంది కదా, ఆ చారలే గడులు. పైన 'శ్రీరామ' అని రాసి, తేదీ వేసి, ఇక కిందికి దిగుతూ పోవడమే. ఎవరు ఎంత సరుకు తెచ్చారు, తూకమెంత, ఎవరికెంత ఇచ్చాం. జరిగింది జరిగినట్టు, వరసగా. దాన్ని చిట్టా అంటారు. వారానికోసారి కూర్చుని ఆ చిట్టాలో ఉన్నదాన్ని పేరుపేరునా విడదీసి, ఏ పద్దు కింద పడాల్సింది ఆ పద్దు కింద ఎక్కించేవాడు. అది ఆవర్జా. ఈ రెండు మాటలూ మనసులో పెట్టుకోండి. ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఈ రెండు మాటల చుట్టూనే ఉంటుంది.

నేను ఈ ఊళ్ళో 23 ఏళ్ళుగా వైద్యం చేస్తున్నాను. జనరల్ ఫిజీషియన్ని, మానసిక వైద్య నిపుణురాలిని కాను. అయినా నా దగ్గరికి మెడ పట్టేసిందని, కడుపులో మంటని, గుండె దడని, తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేస్తోందని వచ్చేవాళ్ళు రోజూ ఉంటారు. ముందు పరీక్షలు చేస్తాం. థైరాయిడ్ ఎక్కువ పనిచేసినా గుండె దడే, చేతుల వణుకే. ఒంట్లో రక్తం తక్కువైనా ఆయాసం, దడ వస్తాయి. అవి చూడకుండానే 'టెన్షన్ అంతేలేమ్మా' అని పంపేయడం పెద్ద తప్పు. అన్నీ చూసి, ఏమీ లేదని తేలాక అడుగుతాను, "టెన్షన్లు ఏమైనా ఉన్నాయా?" అని. "టెన్షన్ లేనిదెవరికి మేడమ్" అంటారు. "దేనివల్ల?" అంటే, "అంతా టెన్షనే."

ఆ 'అంతా' దగ్గరే మన బండి ఆగిపోతుంది. అంతా అన్నదానికి మందు రాయలేం. అంతా అన్నదాన్ని మీరూ మార్చుకోలేరు. కాసేపాగి మళ్ళీ అడిగితే ఎవరో ఒకరి పేరు చెబుతారు. అత్తగారు, ఆఫీసులో పైవాడు, చదవని కొడుకు. తొందరగా చెప్పిన ఆ పేరు చాలాసార్లు తప్పు పేరని నా అనుభవం. మొదట తప్పు పేరు చెప్పినవాళ్ళలో నేనూ ఉన్నాను. అది చెబుతాను, కానీ ముందు మా నాయన చెప్పిన బెల్లం సంగతి చెప్పాలి.

ఒక ఏడాది ఎండాకాలంలో వాళ్ళ మండీలో తూకంలో తేడా మొదలైంది. సరుకు లోపలికి వచ్చినప్పుడు ఒక తూకం, లారీకి ఎక్కించేటప్పుడు ఇంకో తూకం. సావుకారు హమాలీలను అనుమానించాడు. రెండు నెలల పాటు పొద్దున లేస్తే వాళ్ళ మీద కేకలే. పిల్లలున్న మనిషి ఒకాయన ఆ మాటలు పడలేక పని మానేసి వెళ్ళిపోయాడు. మా నాయన ఒక ఆదివారం ఆ రెండు నెలల చిట్టా ముందేసుకుని, ఆవర్జాలో 'తరుగు' అని కొత్త పద్దు తెరిచాడు. తేడా వచ్చిన ప్రతి తూకాన్నీ దాని కింద ఎక్కించాడు. పక్కనే అది ఏ గోడౌన్లో ఉంది, ఎన్ని రోజులుంది అని రాశాడు. పేజీ నిండేసరికి విషయం బయటపడింది. రేకుల గోడౌన్లో వారం దాటి పడి ఉన్న సరుకులోనే తేడా ఉంది. రేకుల వేడికి బెల్లంలో తేమ ఆరిపోయి బరువు తగ్గుతోంది. ఒక్క హమాలీ ఒక్క ముద్ద ముట్టుకోలేదు. అత్త మీద కోపం దుత్త మీద అంటాం కదా. అత్త ఎవరో, దుత్త ఎవరో ఆ పుస్తకం తేల్చింది. ఆ వివరాలన్నీ చిట్టాలో రెండు నెలలుగా ఉన్నవే. ఒక పద్దు కిందికి తెచ్చేదాకా ఎవరికీ కనపడలేదు.

ఇక నా సంగతి. 2016లో నాకు 47 ఏళ్ళు. మెడ నొప్పి, రాత్రి నిద్ర పట్టకపోవడం. మూడు వేర్వేరు రోజులు బీపీ చూసుకుంటే 148/94 దగ్గర ఉంది. 140/90 దాటితే ఎక్కువే అని నేనే రోజూ పదిమందికి చెబుతాను. మాత్ర మొదలుపెట్టాను. కారణం నాకు తెలుసనే అనుకున్నాను: సాయంత్రం ఓపీ. ఐదింటి నుంచి ఎనిమిదిన్నర దాకా నలభైమంది, బయట బెంచీల మీద చోటు ఉండదు. సాయంత్రం ఓపీ మూసేద్దామని దాదాపు నిర్ణయించుకున్నాను కూడా. అప్పటికి మా నాయనకి 79. నా మాటలన్నీ విని ఒకటే అన్నాడు: "పద్దు రాయకుండా నష్టం ఎక్కడొస్తోందో ఎట్లా చెప్తావే?" అని. లోపలికెళ్ళి, రాయకుండా మిగిలిపోయిన ఇలాంటి పుస్తకమొకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

రెండు వారాలు రాశాను. ఒంట్లో బిగుతు తెలిసినప్పుడల్లా టైము, ఏం చేస్తున్నాను, సున్నా నుంచి పదిలో ఎంత. పద్నాలుగు రోజుల తర్వాత ఆదివారం కూర్చుని విడదీస్తే, ఏడు దాటినవి పదకొండు వచ్చాయి. అందులో సాయంత్రం ఓపీవి రెండే. ఓపీలో ఎక్కువగా మూడు, నాలుగు ఉన్నాయి. కొన్ని రోజులు ఓపీ అయ్యాక 'మనసు తేలిగ్గా ఉంది' అని కూడా నా చేత్తో నేనే రాసి ఉన్నాను. మిగతా తొమ్మిదిలో ఎనిమిది రాత్రి తొమ్మిదిన్నర తర్వాతవి. అన్నం తిని, మంచం మీద కూర్చుని, ఫోన్ చేతిలో పట్టుకుని. పేషెంట్లు రిపోర్టుల ఫోటోలు వాట్సాప్‌లో పంపుతారు. అరకొర వెలుతురులో అక్షరాలు సరిగ్గా కనపడవు. ఏదైనా చూడకుండా దాటేశానేమోనని భయం. జవాబు పంపేశాక కూడా ఆ భయం పోదు. పదకొండింటికి లైటు ఆర్పినా కళ్ళు మూతపడవు.

రిపోర్టులన్నీ క్లినిక్ నంబరుకే పంపమన్నాను. పొద్దున ఎనిమిదిన్నరకి ప్రింటు తీసి బల్ల మీద పెడతారు, అద్దాలు పెట్టుకుని చూస్తాను. అర్జెంటయితే ఫోన్ చేసి మాట్లాడమన్నాను. అంతే మార్చింది. నెల తిరిగేసరికి నిద్ర దారిలో పడింది, మెడ నొప్పి తగ్గింది. బీపీ మాత్ర ఇప్పటికీ వేసుకుంటున్నాను. ఇది దాచకుండా చెప్పాలి, ఎందుకంటే పుస్తకం రాస్తే మాత్రలు మానేయొచ్చని మీలో ఒక్కరు అనుకున్నా ప్రమాదం. మాత్ర పని మాత్రది.

ఆ పుస్తకంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది వేరే ఉంది. పొద్దున పూట నాలుగైదు చోట్ల 'క్లినిక్‌లో అమ్మాయి మీద అరిచాను' అని ఉంది. వాటన్నిటికీ ముందు రాత్రి పద్దు చూస్తే ఎనిమిదో తొమ్మిదో ఉంది. నా మెడ నొప్పికి కారణం ఆ పిల్ల కాదు, ఓపీ కాదు. నెలల తరబడి ఆ పిల్ల నా మాటలు పడింది. పిలిచి క్షమించమని అడిగాను. సాయంత్రం ఓపీ మూసేసి ఉంటే పల్లెల నుంచి పని ముగించుకుని వచ్చేవాళ్ళు ఏమైపోయేవాళ్ళు అని ఇప్పటికీ తలుచుకుంటాను.

ఇక శాస్త్రం ఏమంటోందో కొంచెం చూద్దాం. ఒత్తిడి అన్న విషయాన్ని వైద్యంలోకి తెచ్చినవాడు హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త. కెనడాలోని మాంట్రియల్‌లో ఎలుకల మీద పనిచేస్తూ 1936లో ఒక సంగతి ప్రకటించాడు. చలిలో పెట్టినా, గాయం చేసినా, విషం ఎక్కించినా, బాధ ఏ రకమైనా ఎలుకల ఒంట్లో మార్పులు ఒకే తీరులో వస్తున్నాయి. మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు ఉబ్బుతున్నాయి, కడుపులో పుండ్లు పడుతున్నాయి. మన ఒళ్ళూ అంతే. ఎదురుగా పాము కనపడినా, బ్యాంకు నుంచి ఫోన్ వచ్చినా ముందు అడ్రినలిన్ అనే హార్మోను వదులుతుంది. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుస్తాయి, జీర్ణం నెమ్మదిస్తుంది. వెనకే కార్టిసాల్ అనే ఇంకో హార్మోను వచ్చి రక్తంలో చక్కెర పెంచుతుంది. పాము వెళ్ళిపోతే ఇవన్నీ సర్దుకుంటాయి. బ్యాంకు ఫోన్ వెళ్ళిపోదు, రేపు మళ్ళీ వస్తుంది. కారణాలు పది రకాలైనా ఒళ్ళు చెప్పే జవాబు ఒకటే కాబట్టి, మెడ పట్టేసినంత మాత్రాన అది దేనివల్లో మెడ చెప్పలేదు. పక్కన రాసిపెట్టుకున్న టైము చెబుతుంది.

ఇంకొకటి. 1967లో హోమ్స్, రాహే అని ఇద్దరు వైద్యులు జీవితంలో వచ్చే పెద్ద మార్పులకు మార్కులు వేశారు. మొత్తం 43. భర్తో భార్యో పోతే 100, పెళ్ళికి 50. పెళ్ళికి కూడానా అంటారేమో, ఆడపిల్ల పెళ్ళి చేసినవాళ్ళని అడగండి, 50 తక్కువంటారు. చాలాకాలం అందరూ ఈ పెద్ద దెబ్బలనే లెక్కపెట్టారు. 1981లో రిచర్డ్ లాజరస్ అనే సైకాలజిస్టు, ఆయనతో పనిచేసిన వాళ్ళు ఇంకో పని చేశారు. నడివయసువాళ్ళు వందమంది చేత నెలల తరబడి, నెలనెలా చిన్నచిన్న చికాకులు గుర్తు పెట్టించారు. వస్తువు ఎక్కడో పెట్టి మరిచిపోవడం, ధరలు, ఇంటి పని, బరువు పెరగడం, ఇలాంటివి 117. వాళ్ళ మనసు ఎంత నలిగిందో చెప్పడంలో పెద్ద సంఘటనల జాబితా కంటే ఈ చిన్న చికాకుల జాబితాయే ఎక్కువ పనికొచ్చింది. పెద్ద కష్టం వస్తే పదిమంది వస్తారు, చేయి పట్టుకుంటారు. రోజూ గుచ్చుకునే ముల్లు గురించి ఎవరికీ చెప్పుకోం. 'ఇదీ ఒక కష్టమేనా' అని మనకి మనమే కొట్టిపారేస్తాం. అందుకే రాయాలంటున్నాను. పెద్దవి రాయకపోయినా గుర్తుంటాయి, చిన్నవి రాయకపోతే పోతాయి.

మనకి రాసే అలవాటు లేదని మాత్రం చెప్పకండి. ఇక్కడున్న ఆడవాళ్ళందరి ఇళ్ళలో వంటింటి క్యాలెండర్ ఉంది. పాలు రాని రోజుకి సున్నా చుడతారు. గ్యాస్ సిలిండర్ మార్చిన తేదీ రాస్తారు. నెలాఖరుకి పాలాయన ఒక లెక్క చెబితే మీరు క్యాలెండర్ చూసి ఇంకో లెక్క చెబుతారు, ఆయన ఒప్పుకుంటాడు. పాలకి ఉన్నపాటి లెక్క మీ ఒంటికీ ఉండొద్దా?

ఎలా రాయాలో చెబుతాను. చిన్న పాకెట్ పుస్తకం చాలు, ఫోన్‌లో రాసుకున్నా సరే. ఒంట్లో తేడా తెలిసినప్పుడే రాయండి. దవడ బిగుసుకోవడం, భుజాలు చెవుల దాకా లేవడం, కడుపులో తిప్పినట్టుండటం, అరచేతులు చల్లబడటం, మాట గట్టిగా రావడం. టైము, ఎక్కడున్నారు, ఏం జరుగుతోంది, ఒంట్లో ఎక్కడ తెలుస్తోంది, పదికి ఎంత. ఒక్క లైను. 'పొద్దున 7.20. వంటిల్లు. క్యారియర్ కడుతున్నాను, స్కూల్ ఆటో హారన్. దవడ. 6.' అంతే. రాత్రి పడుకునే ముందు రోజంతా తలుచుకుని రాద్దామనుకుంటే అసలు సరుకు రాదు. సాయంత్రం ఒక గొడవ జరిగి ఉంటే పొద్దుటి నుంచీ అన్నీ గొడవలాగే కనపడతాయి. చిట్టా ఎప్పటిదప్పుడే పడాలి. మా నాయన చేతిలో పెన్ను లేకుండా తూకం దగ్గర నిలబడేవాడు కాదు.

రెండో మాట, కాణిపాకంలో ప్రమాణం చేసినట్టు రాయండి. ఎందుకంటే ఇది ఇంకొకరు చదివేది కాదు. 'ఆడపడుచుకి కొత్త ఫ్రిజ్ కొన్నారని విన్నాను, కడుపులో మంట, 7' అని రాయడానికి సిగ్గు వేస్తుంది. సిగ్గుపడి 'తలనొప్పి' అని రాస్తే లెక్క తప్పుతుంది. ఉమ్మడి ఇళ్ళలో పుస్తకం ఎవరి కంటైనా పడుతుందన్న భయం న్యాయమైనదే. పేర్లకి బదులు మీకే తెలిసే గుర్తులు పెట్టుకోండి. ఒకావిడ మనుషుల పేర్లకి బదులు కూరగాయల పేర్లు రాసుకుంది. పుస్తకం చూసినవాళ్ళు సంత లెక్క అనుకున్నారట.

మూడోది నాకు చాలా ఇష్టమైనది. పుస్తకంలో 'టెన్షన్' అన్న మాట రాయొద్దు. మాట్లాడేటప్పుడు అనండి, నేనూ అంటాను. రాసేటప్పుడు వద్దు. అది గోనెసంచి లాంటి మాట, ఏది వేసినా పడుతుంది. మన భాషలో దీనికి ఎన్ని మాటలున్నాయో చూడండి. ఆదుర్దా ఉంది, కంగారు ఉంది, గుబులు ఉంది, బెంగ ఉంది, దిగులు ఉంది. చిరాకు, విసుగు, ఉక్రోషం, రోషం, అవమానం, అలసట ఉన్నాయి. ఇవన్నీ ఒకటి కావు. దూరంగా ఉన్న కూతురి మీద బెంగ ఉంటుంది. రేపు ఏమవుతుందోనన్న గుబులు వేరు. పోయినదాని గురించి దిగులు వేరు. బస్సు వెళ్ళిపోతుందని కంగారు. నలుగురిలో మాట పడితే అవమానం, తిరిగి అనలేకపోతే ఉక్రోషం. బెంగకి చేయాల్సింది ఫోన్ చేసి గొంతు వినడం. అలసటకి నిద్ర. కంగారుకి పావుగంట ముందు బయల్దేరడం. అవమానానికి ఇవేవీ పనిచేయవు, ఆ మనిషితో మాట్లాడాలి, లేకపోతే నమ్మకమైనవాళ్ళతో చెప్పుకోవాలి. అన్నిటికీ టెన్షన్ అని ఒకటే పేరు పెట్టి, ఒకటే మాత్ర అడిగితే ఎలా కుదురుతుంది? పేరు పెట్టడం వల్ల కూడా మేలుంది. 2007లో అమెరికాలో కొందరు మెదడు స్కానింగుతో చూశారు. కోపంగానో భయంగానో ఉన్న ముఖాల ఫోటోలు చూపించి, ఆ భావానికి పేరు పెట్టమన్నారు. పేరు పెట్టినప్పుడు మెదడులో భయానికి సంబంధించిన అమిగ్డలా అనే చిన్న భాగం జోరు తగ్గింది.

జమ వైపు కూడా రాయండి. ఖర్చు మాత్రమే రాస్తే అది లెక్క కాదని మా నాయన అనేవాడు. లాజరస్ వాళ్ళు కూడా చికాకులతో పాటు మనసుకి హాయినిచ్చినవీ రాయించారు. మిద్దె మీద గాలికి పది నిమిషాలు కూర్చున్నాను, 6 నుంచి 3 అయింది. అన్నతో ఫోన్‌లో మాట్లాడాను, 7 నుంచి 4. ఊపిరి నెమ్మదిగా, నాలుగు లెక్కపెడుతూ లోపలికి, ఆరు లెక్కపెడుతూ బయటికి, ఐదు నిమిషాలు. అలా చేస్తే నిమిషానికి ఆరు సార్లు అవుతుంది. చేసి, అరగంట తర్వాత అంకె మళ్ళీ రాయండి. టీవీ పెట్టుకున్నాను, 6 నుంచి 6, అని ఉంటే అదీ తెలిసినట్టే. ఎవరికి ఏది పనిచేస్తుందో నేను చెప్పలేను, మీ జమ పద్దు చెబుతుంది.

రెండు వారాలయ్యాక ఆవర్జా. ఇది మానేస్తే రాసిందంతా దండగ. చాలామంది ఇక్కడే మానేస్తారు. ఒక ఆదివారం అరగంట తీసుకుని, ఏడు పైన ఉన్నవన్నీ వేరే కాగితం మీద ఎక్కించండి. మొదట టైము ప్రకారం చూడండి. తర్వాత ఏ రోజున, ఎక్కడ, ఎవరి ఎదుట అని చూడండి. ముందు రాత్రి ఎంతసేపు నిద్రపోయారో, అన్నం తిని ఎంతసేపయిందో కూడా చూడండి. ఈ చివరి రెండూ మనం ఎప్పుడూ అనుమానించం. ఎక్కువసార్లు దొరికేవి అవే.

ఒకావిడ కథ చెబుతాను. గుర్తుపట్టే వీలు లేకుండా మార్చే చెబుతున్నాను. అరవై దగ్గర పడుతున్న మనిషి. కోడలితో పడటం లేదని, గుండె దడని వచ్చింది. కోడలి మీద గంటసేపు చెప్పింది. రాయమన్నాను. మూడు వారాల తర్వాత చూస్తే కోడలితో గొడవలు నిజంగానే ఉన్నాయి, ఎనిమిదులూ తొమ్మిదులూ. కానీ వరసగా లేవు, రెండు మూడు రోజులకోసారి. ఎందుకలా అని ఇద్దరం ఆ కాగితం వైపు చూస్తూ కూర్చున్నాం. ఆవిడే పట్టుకుంది, "మేడమ్, ఇవి కుళాయి వచ్చిన మరుసటి రోజులు!" అని. వాళ్ళ వీధికి నీళ్ళు రాత్రి ఒంటిగంటకో రెండింటికో వస్తాయి. ఆవిడ లేచి మోటారు వేసి, సంపు నిండేదాకా మెట్టు మీద కూర్చుని కాపలా కాస్తుంది. నిండి పొర్లిపోతే పక్కింటివాళ్ళతో మాట. మళ్ళీ పడుకుంటే నిద్ర రాదు. పొద్దున కోడలు ఆలస్యంగా లేచిందంటే ఇక మొదలు. ప్లంబర్ని పిలిపించి, నిండగానే దానంతటదే నీళ్ళు ఆగిపోయే వాల్వు పెట్టించుకున్నారు, మోటారుకి కూడా ఆటోమేటిక్ స్విచ్ వేయించారు. అత్తాకోడళ్ళ మధ్య పేచీలన్నీ పోయాయని చెప్పను. ఇప్పటికీ ఉన్నాయి. తొమ్మిదులు పోయాయి, గుండె దడకి వాడాలనుకున్న మాత్ర అవసరం రాలేదు.

అందరి పద్దులూ వాల్వుతో తీరేవి కావు. మన జిల్లాలో జూన్, జూలై నెలల్లో తోతాపురి మామిడికాయలతో ట్రాక్టర్లు పల్ప్ ఫ్యాక్టరీల ముందు వరసగా నిలబడి ఉంటాయి. అలా క్యూలో రాత్రంతా ట్రాక్టరు మీద గడిపిన రైతు పుస్తకంలో 'కాయ మెత్తబడుతోంది, గుబులు, 9' అని ఉంటే నేనేం చెప్పను? పుస్తకం ధర పెంచదు. ఊపిరి పీల్చుకోమని చెప్పి పంపితే అది ఆయన్ని అవమానించడమే. అలాంటి వాటికి సంఘం కావాలి, ప్రభుత్వం పలకాలి, నలుగురు కలిసి అడగాలి. అయితే అదే రైతు పుస్తకంలో ఇంటికొచ్చాక మూడు రోజుల పాటు ఏడు, ఎనిమిది ఉంటే అవి ఎక్కడివని చూశాం. ప్రతి గంటకీ ఫోన్‌లో ఏ ఫ్యాక్టరీ ఎంతకి కొంటోందన్న మెసేజీలు చూస్తున్నాడు. కాయ అప్పటికే అమ్మేశాడు. అది ఆయన చేతిలో ఉన్నది, దాన్ని తగ్గించుకోగలిగాడు. నా చేతిలో ఉన్నది, లేనిది అని రెండు పద్దులుగా విడదీయండి. లేనిదాన్ని మీ తప్పుగా రాసుకోకండి.

ఒక జాగ్రత్త చెప్పాలి. కొంతమందికి రాస్తున్నకొద్దీ బాధ పెరుగుతుంది. అమెరికాలో పెన్నెబేకర్ అనే సైకాలజిస్టు 1986లో కాలేజీ విద్యార్థుల చేత నాలుగు రోజులు, రోజుకి 15 నిమిషాలు, మనసులోని గాయాల గురించి రాయించాడు. రాసిన వెంటనే వాళ్ళ మనసు ఇంకా బరువెక్కింది. తర్వాతి నెలల్లో మాత్రం, మామూలు విషయాలు రాసినవాళ్ళ కంటే వీళ్ళు ఆసుపత్రికి తక్కువసార్లు వెళ్ళారు. అంటే కాస్త నొప్పి ఉండొచ్చు. కానీ రోజుల తరబడి అదే సంగతి అదే మాటల్లో రాస్తూ, తవ్వినచోటే తవ్వుతున్నట్టనిపిస్తే ఆపండి, మనిషితో మాట్లాడండి. రెండు వారాలకి పైగా ఏ పనీ చేయాలనిపించకపోయినా, తిండి, నిద్ర చెడినా, బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా పుస్తకం పక్కన పెట్టి ఫోన్ తీయండి. 14416. దీన్ని టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. డబ్బులు అక్కర్లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఈ నంబరు ఇప్పుడే ఫోన్‌లో వేసుకోండి, నేను ఆగుతాను. ఛాతీలో బిగబట్టినట్టు నొప్పి వచ్చి, చెమటలు పడుతూ, చేతికో దవడకో పాకుతుంటే అది పదికి ఎంతో రాసుకునే టైము కాదు, వెంటనే 108కి ఫోన్ చేయండి.

(సభలో ఒక పెద్దాయన: "అమ్మా, చదువు రానివాళ్ళు ఏం చేయాలి? మా ఇంటిది వేలిముద్ర.")

మంచి మాట అడిగారు సార్. దీనికి జవాబు నాకు ఒక పూలమ్మే ఆమె నేర్పింది. పొద్దున మార్కెట్ దగ్గర, సాయంత్రం గుడి దగ్గర కూర్చుంటుంది. తల తిరుగుతోందని, దడని వచ్చింది, పరీక్షల్లో ఏమీ తేలలేదు. రాయమని చెప్పబోయి ఆగాను. ఆమే అంది, "నాకు రాయను రాదు కానీ, చింతగింజలు వేస్తానమ్మా" అని. రెండు టిఫిన్ డబ్బాలు పెట్టుకుంది, పొద్దుటికి ఒకటి, సాయంత్రానికి ఒకటి. గుండె దడదడలాడినప్పుడల్లా ఒక గింజ. ఎక్కువైతే రెండు. పది రోజుల తర్వాత డబ్బాలు తెచ్చి నా బల్ల మీద పోసింది. పొద్దుటివి ఎనిమిది. సాయంత్రానివి లెక్కపెడితే ముప్ఫై ఒకటి.

"సాయంత్రం ఏముంటుందమ్మా?" అన్నాను. కాసేపు గింజల్ని వేలితో అటూ ఇటూ జరిపింది. ఐదున్నరకి రోజువారీ వడ్డీ వసూలు చేసే అతను బండి మీద వస్తాడట. పూలు అమ్ముడుపోకపోయినా వస్తాడు. పక్కన కూర్చునేవాళ్ళందరి ముందూ అడుగుతాడు. ఈ మాట అప్పటిదాకా తన మొగుడికి కూడా చెప్పలేదు. ఆమె మొదట చెప్పింది ఎండ వల్ల తల తిరుగుతోందని.

తర్వాత ఆమె తన డ్వాక్రా సంఘంలో అప్పు తీసుకుని ఆ బాకీ కట్టేసింది. సంఘానికి నెలకోసారి కడుతుంది, రోజూ ఎవరూ బండి మీద రారు. పోయిన నెల కనపడితే అడిగాను. సాయంత్రం డబ్బాలో ఇప్పుడు వారానికి రెండో మూడో పడుతున్నాయంది. పొద్దుటి డబ్బాలో మాత్రం ఇంకా పడుతూనే ఉన్నాయి. అవి దేనివో ఇద్దరం చూస్తున్నాం.